శక్కర్‌నగర్ నుంచి కందకుర్తి దాకా: నవాబ్ అలీ నవాజ్ జంగ్ స్మారకోపన్యాసం



నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ను తలుచుకునే సభల్లో ఆనకట్టల ఎత్తుల గురించి, కాలువల పొడవుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. నేను ఈ పూట ఆ నీళ్లు పారిన తర్వాతి కథ చెప్పాలనుకుంటున్నాను. ఆయన 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు చదివారు. తిరిగొచ్చి మంజీర నది మీద ఆయన నిజాంసాగర్ కట్టించకపోతే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉండేది కాదు, ఫ్యాక్టరీ లేకపోతే శక్కర్‌నగర్ అన్న పేరే పుట్టేది కాదు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ ఆగింది. అప్పటినుంచి మన మధ్య ఒక మాట వినబడుతోంది: చక్కెర పోతే పోయింది, మనకు నదులున్నాయి, జలాశయాలున్నాయి, అడవులున్నాయి, బోధన్‌ను పర్యాటకులకు దర్వాజగా మారుద్దాం అని. ఈ మాట అంటున్నవాళ్లు ఊరి మేలు కోరేవాళ్లే. అందుకే దీన్ని కొట్టిపారేయకుండా, నెత్తిన పెట్టుకోకుండా నిదానంగా తూకం వేయాలి. ఈ ఉపన్యాసం పని అదే.

ముందు నీళ్ల సంగతి. నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య మూడు కిలోమీటర్ల కట్ట. 40 ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ 40 ఊళ్ల వాళ్లను మన చరిత్రలో ఎవరూ సరిగా తలుచుకోలేదు. కనీసం ఈ సభలోనైనా తలుచుకుందాం. వాళ్ల పొలాల మీద నిలిచిన నీళ్లతోనే 2,75,000 ఎకరాలకు సాగునీరు అందించాలని పథకం. మెట్ట పంటల అలవాటున్న సీమకు ఒక్కసారిగా కాలువ వచ్చింది. మాగాణి సేద్యం తెలిసిన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడికి తరలివచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల వరుసలే వర్ని, కోటగిరి వైపు ఈ రోజుకీ ‘క్యాంపు’లు. ఊరు పెద్దదై, స్లాబు మేడలు లేచి, మనవలు అమెరికా వెళ్లినా పేరు చివర క్యాంపు అలాగే ఉండిపోయింది.

కాలువ వెంట చెరుకు వచ్చింది. 1937లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు మోసింది. దానికి సొంతంగా వేల ఎకరాల చెరుకు క్షేత్రాలు ఉండేవి. జానకంపేట నుంచి రైలు పట్టాలు బోధన్ దాకా వచ్చాయి.

చెరుకు ఫ్యాక్టరీ ఊరిని ఎలా కట్టిపడేస్తుందో తెలియాలంటే చెరుకు గుణం తెలియాలి. వడ్లు కోసి గాదెలో పోసుకోవచ్చు, పసుపు ఉడకబెట్టి ఎండబెట్టి ధర వచ్చేదాకా ఆగవచ్చు. చెరుకు ఆగదు. నరికిన గంట నుంచే బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర విరిగిపోవడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరకపోతే రైతుకూ నష్టమే, ఫ్యాక్టరీకీ నష్టమే. అందుకే ఎవరి చేను ఎప్పుడు నరకాలో ఫీల్డ్‌మన్ చీటీ రాసివ్వాలి, నరికేవాళ్లు ఆ రోజుకే రావాలి, బండి ఆ రాత్రికే కాంటా దగ్గర వరుసలో నిలబడాలి. ఈ ముడి వల్లనే చేను, బండి, కాంటా, గానుగ, బజారు అన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుని బతికాయి. పిండగా మిగిలిన పిప్పి బాయిలర్ కిందికి పోయేది. మడ్డి పొలాలకు ఎరువయ్యేది. మొలాసిస్ డిస్టిలరీకి వెళ్లేది. కార్తీకం దాటిందంటే గాలిలో ఉడుకుతున్న రసం వాసన. ఫ్యాక్టరీ చుట్టూ క్వార్టర్లు, బడి, దవాఖానా. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ. పక్కనే మహారాష్ట్ర సరిహద్దు. బిలోలి, ధర్మాబాద్ మనకు వేరే రాష్ట్రంలా ఎప్పుడూ అనిపించలేదు.

మూతపడిన కథ అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. 2002లో అప్పటి ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు భాగస్వామికి ఇచ్చి ఉమ్మడి కంపెనీ చేసింది. శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ వైపు ముంబోజిపల్లి యూనిట్లు ఆ కంపెనీ కిందికి వెళ్లాయి. 2015 డిసెంబరు 23న మూడూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం కమిటీ వేసింది. ఈ ఐదు వాక్యాల మధ్య జీతం రాని నెలలున్నాయి, ఆగిన పెళ్లిళ్లున్నాయి, చెరుకు దున్నేసి వరి వేసిన వేల మడులున్నాయి.

ఇక మన దగ్గర చూపించడానికి ఏముంది? చాలా ఉంది. రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. తెలంగాణలో గోదావరి అడుగుపెట్టే చోటు అది. నది నడుమ రాతి శివాలయం, వరద వస్తే మునిగి, తగ్గితే తేలుతుంది. ఎడపల్లి దగ్గర అలీసాగర్ ఉంది. గుట్ట మీద నిజాం వేసవి విడిది, కింద తోట, జింకల పార్కు. జానకంపేటలో అశోక్‌సాగర్ బండల నడుమ చెరువు. దక్షిణాన పోచారం అభయారణ్యం ఉంది. ఆలేరు వాగుకు అడ్డంగా 1916, 1922 మధ్య కట్టిన చెరువు చుట్టూ నిజాం వేట అడవి, 1952లో అభయారణ్యమైంది. నీల్గాయిలు, కొండగొర్రెలు, చిరుతలు తిరిగే చోటు. ఉత్తరాన పోచంపాడు. అక్కడ 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు నందిపేట వైపు బయటపడే గడ్డి మైదానాల్లో కృష్ణజింకల మందలు మేస్తాయి. తెల్లవారుజామున ఆ మైదానంలో నిలబడి మంద ఒక్కసారిగా లేచి పరుగెత్తడం చూసినవాళ్లకు, దీని కోసం జనం దూరం నుంచి ఎందుకు రారు అనిపించడం సహజం.

బోధన్ ఊరు సంగతి వేరే చెప్పాలి. పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన మన బోధనే అని చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకున్నారు. శ్రవణబెళగొళలో చావుండరాయుడు బాహుబలి విగ్రహాన్ని చెక్కించడం వెనుక ఉన్న జైన కథలో, అంతకుముందు భరతుడు విగ్రహం నిలిపిన పౌదనపురం కూడా ఈ ఊరే అంటారు. దేవల్ మసీదు స్తంభాల మధ్య నిలబడితే రాష్ట్రకూటుల కాలపు పనితనం, తుగ్లక్ కాలపు మార్పు రెండూ ఒకే చూపులో కనబడతాయి. హోలీ నాడు హున్సాలో పిడిగుద్దులాట చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయి. ఇన్ని ఉన్న ఊరు తనను తాను మూతపడ్డ ఫ్యాక్టరీ ఊరుగా మాత్రమే తలుచుకుని కుంగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే ఇలాంటి మలుపు తిరిగిన ఊళ్లకు ఏమైందో చూడకుండా అడుగు వేయకూడదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు అంచున ఈలీ అనే చిన్న ఊరుంది. 1880ల చివర అక్కడ ఇనుప ఖనిజపు గనులు మొదలయ్యాయి. 1967లో చివరిదైన పయొనీర్ గని మూతపడింది. ఊరి పక్కనే కెనడా సరిహద్దు దాకా పరుచుకున్న అడవి, అందులో వెయ్యికి పైగా సరస్సులు. బౌండరీ వాటర్స్ అంటారు. గనులు పోయాక ఈలీ ఆ అడవికి దర్వాజ అయింది. పడవలు, గుడారాలు అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. 1993లో తోడేళ్ల గురించి చెప్పే అంతర్జాతీయ కేంద్రం తెరుచుకుంది. కుంగిన గని గుంతలో నీరు నిండి చెరువైతే, దానికి మైనర్స్ లేక్ అనే పేరే పెట్టుకున్నారు. ఇక్కడిదాకా వింటే ముచ్చటగా ఉంటుంది.

దీని వెనుక పెద్ద పోట్లాట ఉంది. 1978లో అమెరికా కాంగ్రెసు ఆ అడవికి గట్టి చట్టం చేసి, మోటారు పడవలను చాలా సరస్సుల నుంచి బయటికి పంపింది. దానికి ముందు ఏడాది ఈలీలో జరిగిన బహిరంగ విచారణలో, అడవిని కాపాడాలని జీవితమంతా రాసిన సిగర్డ్ ఓల్సన్ దిష్టిబొమ్మను ఊరివాళ్లే ఉరితీశారు. ఆయన ఆ ఊళ్లో ఉంటున్న మనిషే, అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పినవాడే. ఎందుకంత కోపం? గని పనివాడికి యూనియన్ ఉంది, ఏడాది పొడవునా జీతం ఉంది, పింఛను ఉంది. పడవలు మోసే పనికి నాలుగు నెలల కూలి తప్ప ఏమీ లేదు. తమ చేతిలోని పని పోయి, తమ అడవి మీద బయటివాళ్ల నిబంధనలు వచ్చాయని వాళ్లకు అనిపించింది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. ఈ రోజుకీ ఊరు రెండుగా చీలి ఉంది. అడవి ఎగువన రాగి, నికెల్ గనులు తవ్వుతామని కంపెనీలు రావడం, 2023లో అక్కడి కేంద్ర ప్రభుత్వం 2,25,000 ఎకరాల్లో 20 ఏళ్లపాటు కొత్త గనుల లీజులు ఆపేయడం, దాన్ని ఎత్తేయాలని మళ్లీ పట్టుబట్టడం, అన్నీ నడుస్తున్నాయి. ఈలీ నుంచి నాకు తెలిసొచ్చింది ఇదీ: జనం డబ్బు పెట్టి చూడటానికి వచ్చేది నీటిని. గని, పడవ రెండూ ఒకే నీటి మీద బతకలేవని ఒక రోజు తేల్చుకోక తప్పదు.

మనకు దగ్గరలోనే కోలార్ బంగారు గనులున్నాయి. తెలుగు, తమిళ కుటుంబాలు తరాల తరబడి భూమి కడుపులో పనిచేసిన ఊరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. పేరు దేశమంతా తెలుసు, సినిమాలతో ఇంకా తెలిసింది. కార్మికుల పిల్లలు మాత్రం రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. పేరు మోగినంత మాత్రాన పొయ్యి వెలగదు. మన తూర్పున సింగరేణి బొగ్గు సీమలోనూ ఇదే ప్రశ్న ఉంది. జన్నారం 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్‌కు దర్వాజ అయింది, మూతపడ్డ భూగర్భ గనుల ఊళ్లు పక్కనే తమ దారి వెతుక్కుంటున్నాయి.

బోధన్‌కు గని లేదు కదా, ఈ పోలిక ఎందుకు అని అడగవచ్చు. ఉంది. మన గని మంజీర. బీర్కూరు, కోటగిరి, పోతంగల్ వైపు ఇసుక తవ్వకం ఏళ్లుగా సాగుతోంది. చక్కెర ఫ్యాక్టరీ ఆగిన చోట ఆగకుండా నడుస్తున్న పరిశ్రమ అది. ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను: మంజీరను పర్యాటకులకు చూపిస్తాం, అదే మంజీరను లారీలకు ఎత్తుతాం అనే రెండు మాటలు ఒకే నోట రావడానికి వీల్లేదు. ఇసుక నదికి ఒంటి మీది కండ. వానాకాలంలో నీటిని పీల్చుకుని, ఎండాకాలంలో ఒడ్డు బావులకు వదిలేది ఇసుకే. ఎండాకాలపు తిన్నెల మీదనే నదిపక్షులు గుడ్లు పెడతాయి. తిన్నె పోతే పక్షి రాదు, పక్షి రాకపోతే దాన్ని చూసేవాడు రాడు. ఇసుక పోయిన చోట గుంతల్లో పడి పిల్లలు చనిపోయిన వార్తలు మనం చదివాం. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టింది. చట్టం ఉంది, అమలు చేసే చెయ్యి వణుకుతోంది.

రెండోది, నీరు ఎప్పుడు ఉంటుంది అన్న ప్రశ్న. నిజాంసాగర్‌కు మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టేవి. పూడికతో అది 17.8 టీఎంసీలకు వచ్చింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీటిని హైదరాబాద్ తాగునీటికి మళ్లించాక మనకు వచ్చే వాటా తగ్గింది. రాజధాని దాహం తీరాల్సిందే, దాని మీద నాకు తగువు లేదు. కానీ నది మన దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగలాలి అన్న లెక్క ఎక్కడా గట్టిగా రాసుకోలేదు. ఇటు గోదావరి మీద ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బరాజ్ ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి. ఆ తర్వాత మూస్తారు. అంటే కందకుర్తి సంగమానికి పారే గోదావరి ఆ నాలుగు నెలల గోదావరే. మిగతా నెలల్లో మనం చూసేది శ్రీరామసాగర్ వెనుక నీరు, మంజీర ఇచ్చే ఊట. పర్యాటక పథకం రాసేవాళ్లు రంగుల బొమ్మలు వేసే ముందు ఈ తేదీలను గోడకు అంటించుకోవాలి.

కాలం గురించే ఇంకో సంగతి. చెరుకు గానుగ తిరిగేది చలికాలంలో. వలస పక్షులు వచ్చేదీ, అడవి చూడటానికి హాయిగా ఉండేదీ చలికాలంలోనే. కాబట్టి పర్యాటకం మన కూలీలకు ఖాళీ నెలల్లో పని ఇస్తుందనుకుంటే పొరపాటు. ఎండాకాలం ఖాళీగానే ఉంటుంది. అందువల్ల ఫ్యాక్టరీ బదులు పర్యాటకం అన్న వాదన నా లెక్కలో నిలబడదు. ఫ్యాక్టరీ మళ్లీ తిరగాలని కోరేవాళ్లలో నేనూ ఒకణ్ని. అది తిరిగినా తిరగకపోయినా నది చుట్టూ జరిగే పనికి దానికంటూ ఒక విలువ ఉంది. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించే ప్రయత్నం ఎవరు చేసినా ఒప్పుకోకూడదు.

మరి ఏం చేయాలి? శక్కర్‌నగర్‌తో మొదలుపెడదాం. మూతపడ్డ ఫ్యాక్టరీల యంత్రాలు మొదట తుప్పుకు, తర్వాత తుక్కుకు పోతాయి. జర్మనీలో ఎసెన్ ఊరి త్సోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడితే, బావి గోపురాన్ని, యంత్రాలను కదపకుండా నిలిపారు. 2001లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మన గానుగలు, బాయిలర్లు, కాంటా, క్వార్టర్ల వరుస కూడా అలాగే నిలబెట్టుకోదగ్గవి. కొత్త గానుగ పెట్టినా పాతది కొంత దాచాలి. దాన్ని చూపించే పని అక్కడ చక్కెర వండిన మనుషులకే ఇవ్వాలి. రసం ఎప్పుడు పాకానికి వస్తుందో, ఏ సమయానికి గింజ కడుతుందో చెయ్యి పెట్టకుండా చెప్పగల పాన్‌మన్‌లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల వయసు మీద పడుతోంది. వాళ్ల మాటలు, ఫీల్డ్‌మన్‌ల డైరీలు, చెరుకు నరకడానికి వచ్చిన మరాఠ్వాడా కుటుంబాల జ్ఞాపకాలు ఇప్పుడే రికార్డు చేయాలి. తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలోనే ఉంది. చరిత్ర చదివే పిల్లలు టేప్‌రికార్డర్ పట్టుకుని శక్కర్‌నగర్ గల్లీల్లో తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కృష్ణజింకల మైదానాల గురించి ఒక్క మాట. అది మునిగి తేలే భూమి, దాని మీద చుట్టుపక్కల రైతులు పంట వేసుకునే అలవాటుంది. జింక పంట మేస్తుంది. రాత్రంతా కాపలా కాసే రైతుకు జింక అందం కనబడదు. చూడటానికి వచ్చేవాడి టికెట్టు డబ్బులో నుంచి పంట నష్టం ముందు తీరాలి, ఆ డబ్బు గ్రామపంచాయతీ ఖాతాలో పడాలి. జీపులు మంద వెంట పడే చోట జింక ఎక్కువ కాలం నిలవదు. నడిచి, దూరం నుంచి, ఊరి కుర్రవాళ్లను తోడు తీసుకుని చూసే పద్ధతే మేలు. రిసార్టు కట్టడం తేలిక, ఊరికి ఒక్క రూపాయి కూడా మిగలకుండా పోవడం అంతకంటే తేలిక.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కందకుర్తికి లక్షల మంది వస్తారు. ఘాట్లకు, రోడ్లకు నిధులు వస్తాయి. 2015 పుష్కరాల్లో కట్టిన మెట్ల పక్కనే ఇప్పుడు ఏముందో రెంజల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈసారి నిధులు రాకముందే మూడు పనులు కాగితం మీద పడాలని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను. కందకుర్తికి ఎగువన మంజీర వెంట ఏయే రీచుల్లో ఇసుక ముట్టుకోకూడదో ఆ ఊళ్ల గ్రామసభలు తీర్మానించి కలెక్టరుకు పంపాలి. నిజాంసాగర్ నుంచి ఎండాకాలంలో నదిలోకి కనీసంగా వదలాల్సిన నీరు ఎంతో నీటిపారుదల శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. బోధన్‌లో గైడు, డ్రైవరు, పడవ, వంట పనుల్లో ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలకు మొదటి వరుస దక్కాలి. ఈ మూడింటి ముసాయిదా పట్టుకొచ్చాను. సభ అయ్యాక బయట బల్ల మీద ఉంటుంది. రెంజల్, బోధన్, కోటగిరి, బీర్కూరు నుంచి వచ్చిన సర్పంచులు, వార్డు సభ్యులు ఒక్కో ప్రతి తీసుకెళ్లి రాబోయే గ్రామసభలో చదివించండి. మార్చాల్సినవి ఉంటే ఎర్ర సిరాతో దిద్ది నాకు పంపండి.